కుండీలో ఉన్నది వరి కాదు

*పొలంలో నీటి లెక్క తెలిసిన ఊళ్లో, ఇంట్లో మొక్కలు నీళ్లెక్కువై చస్తున్నాయి. వాటిని బతికించే విద్య కూడా ఆ పొలం గట్టు మీదే ఉంది.*

పీస్ లిల్లీ తల వాల్చేసింది. ఒక్క ఆకు కాదు, గుత్తి గుత్తంతా కుండీ అంచుల మీదుగా జారిపోయి ముడి వీడిన జుట్టులా వేలాడుతోంది. అల్లూరులో రిటైరైన ఒక టీచరమ్మ ఇల్లు అది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు సంక్రాంతికొస్తూ దారిపొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క. హాల్లో టీవీ పక్కన, తెల్ల పింగాణీ కుండీలో పెట్టి వెళ్లాడు.

"పొద్దున పోశా, నిన్న సాయంత్రం పోశా. ఇంకెన్ని పొయ్యాల దీనికి?" అంటూ ఆమె చెంబుతో మళ్లీ వచ్చారు. అప్పుడే బియ్యం మూట దించి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న పక్కవీధి రైతు, చెంబుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఆగండమ్మా."

చూపుడువేలు రెండో కణుపుదాకా మట్టిలోకి దించాడు. తీసి, బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇందులో పదును లేదమ్మా, బురద ఉండాది. ఇంక నీళ్లు పోస్తే పీనుక్కి స్నానం చేయించినట్టే."

మొక్క మొదలు రెండువేళ్ల సందున పట్టి, కుండీ తిరగేసి అడుగున తట్టాడు. మట్టిముద్ద ఊడొచ్చింది. హాలంతా తూము కింద నిలవ నీటి కంపు. వేళ్లు తెల్లగా ఉండాల్సింది పోయి టీ డికాషన్ రంగులో ఉన్నాయి. ఒకదాన్ని పట్టి మెల్లగా లాగితే పైతొక్క మొత్తం చొక్కా చెయ్యిలాగా జారి అతని వేళ్లలో ఉండిపోయింది, లోపల దారంపోగు ఒక్కటే మొక్కకి మిగిలింది. కుండీ అడుగున చిల్లు లేదు. పింగాణీ సామాను కదా, చాలావాటికి పెట్టరు.

టీచరమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "దాహంతో వాడిపోతుంది అనుకున్నా" అన్నారు చివరికి.

ఇంటింటికీ ఒక పచ్చని చుట్టం

రోహిణి కార్తె వచ్చిందంటే నెల్లూరు జిల్లాలో మాటలన్నీ ఎండ చుట్టూ తిరుగుతాయి. ఈమధ్య ఆ మాటల్లో ఇంట్లో మొక్కలూ చేరాయి. సెలవులకి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి మనీప్లాంట్ ఎండిపోయిందని ఒకరు, రోజూ పోస్తున్నా అరెకా పామ్ కొసలు మాడిపోతున్నాయని ఇంకొకరు.

పదిహేనేళ్ల కిందట ఈ గొడవ లేదు. మొక్కంటే పెరట్లో ఉండేది. తులసికోట, కరివేపచెట్టు, ముద్దమందారం, బావిగట్టున అరటి. వాటికి ఎవరూ కొలిచి నీళ్లు పోయలేదు. అంట్లు తోమిన నీళ్లు ఎటు పారితే అటు చెట్టు లేచేది. ఇంటి లోపలికి మొక్క రావడం కొత్త. 2020 లాక్‌డౌన్లో కదలకుండా కూర్చున్న జనానికి పచ్చదనం మీద మోజు పెరిగింది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో స్టీలు డబ్బాల బదులు చిన్న కుండీలు రిటర్న్ గిఫ్టులయ్యాయి. ఆఫీసర్లకి బొకే బదులు మొక్క ఇవ్వడం మర్యాద అయింది.

ఆ మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు కడియం. రాజమహేంద్రవరం పక్కన కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్లలో కాల్వగట్ల వెంట కనుచూపు మేర నర్సరీలే. అక్కడ లారీ ఎక్కిన మొక్క 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి వస్తుంది. వేళ్లు కదలకుండా బిగువైన మట్టిముద్ద కట్టి పంపుతారు. దారికి ఆ ముద్ద మంచిదే. మన హాల్లోకి వచ్చాక అదే ముద్ద నీళ్లు పట్టుకుని వదలదు. అక్కడ షేడ్‌నెట్ కింద, గోదావరి గాలిలో పెరిగిన మొక్క ఇక్కడ కిటికీలు మూసిన ఏసీ గదిలో కాపురం మొదలుపెడుతుంది. అమ్మినతను మాత్రం "రోజు విడిచి రోజు పొయ్యండి" అని చెప్పి పంపుతాడు. అతనికి తెలిసింది నర్సరీ లెక్క, మన హాలు లెక్క కాదు.

వరి మర్యాద

సోమశిల నుంచి వదిలిన పెన్న నీళ్లు సంగం దగ్గర మళ్లి, కనిగిరి రిజర్వాయరులో ఆగి, కాల్వలు పట్టుకుని సముద్రం వైపు దిగే డెల్టా ఇది. ఇక్కడ పుట్టినవాళ్లకి పైరంటే వరి, వరంటే నిలువు నీళ్లు. కయ్యలో నీళ్లు మెరుస్తుంటే కంటికి నిండుగా ఉంటుంది. నేల నెర్రె విచ్చిందంటే గుండె జారుతుంది. కాల్వ చివరి భూముల వాళ్ల బెంగ ఇక చెప్పనక్కర్లేదు. ఆ కళ్లతోనే కుండీని చూస్తాం. పైన మట్టి రంగు తేలితే చాలు, చెయ్యి చెంబుని వెతుక్కుంటుంది.

కానీ అదే రైతుకి ఇంకో మాట కూడా తెలుసు, ఆరుతడి. మినుము, వేరుశనగ, మిరప. ఒక తడి పెట్టాలి, నేల ఆరి పదునుకొచ్చేదాకా ఆగాలి, మళ్లీ తడి పెట్టాలి. చెయ్యాల్సిన పనంతా ఆ ఒక్క మాటలోనే వరసగా ఉంది. మినుము కయ్యలో రెండ్రోజులు నీళ్లు నిలబడితే పైరు ఉరకెత్తి పసుపుబారుతుందని చెప్పడానికి వ్యవసాయ అధికారి రానక్కర్లేదు. ఇంట్లో పెట్టుకున్న మొక్కలు, గాజుసీసా నీళ్లలో పెంచేవి తప్పించి, దాదాపు అన్నీ ఆరుతడి పైర్లే. మనం వాటికి వరి మర్యాదలు చేస్తున్నాం. జబ్బంతా అక్కడుంది.

వరి నీళ్లలో ఎలా బతుకుతుంది మరి? దాని కాడలో, వేళ్లలో సన్నటి గాలిగొట్టాలుంటాయి. ఆకు పీల్చిన గాలి ఆ గొట్టాల్లోంచి బురదలోని వేరుదాకా దిగుతుంది. మనీప్లాంట్‌కి, స్నేక్ ప్లాంట్‌కి మట్టిలో ఉన్నప్పుడు అంత ఏర్పాటు లేదు. వాటి వేరు మట్టిరేణువుల సందుల్లోని గాలినే పీల్చాలి. ఆ సందులన్నీ నీళ్లతో నిండితే ఊపిరాడదు. ఆక్సిజన్ గాలిలో పాకినంత తేలిగ్గా నీళ్లలో పాకలేదు, దాదాపు పదివేల రెట్లు నెమ్మది.

రొయ్యల గుంటలున్నవాళ్లకి ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే జనరేటర్ కోసం లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తే ఊళ్లు ఇవి. గుంట నిండా నీళ్లున్నా అందులో ఊపిరి లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. కుండీలో జరిగేదీ అదే, కాకపోతే ఒక్క రాత్రిలో కాక మూడు వారాల్లో జరుగుతుంది. ఊపిరాడక నీరసించిన వేరు మీద ఫైథియం, ఫైటాఫ్థొరా లాంటి తెగుళ్లు పడతాయి. రైతు భాషలో వేరుకుళ్లు.

ఆ మాటకొస్తే వరికి కూడా నిత్యం నిలువు నీళ్లక్కర్లేదని చెప్పినవాళ్లున్నారు. మడగాస్కర్‌లో ఫ్రెంచి పాద్రీ హెన్రీ ద లొలానీ 1980ల్లో రూపుకట్టిన పద్ధతే మన దగ్గర శ్రీ వరి సాగుగా వచ్చింది. 2003 ఖరీఫ్‌లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలుపెట్టారు. తడుపుతూ, ఆరనిస్తూ పండించడమే అందులో కిటుకు. వరికే ఆరుతడి నేర్పబోయిన కాలంలో మనం కుండీకి వరి నేర్పుతున్నాం.

> మనీప్లాంట్ పువ్వు చూశారా?
> చూసి ఉండరు. పసిఫిక్ మహాసముద్రంలోని మూరియా దీవి దాని సొంత ఊరు. అడవిలో చెట్లెక్కి మూరల కొద్దీ ఆకులేసే తీగ. కానీ పూయదు. తనంతట తాను పూసినట్టు చివరిసారి నమోదైంది 1964లో. పూతకి కావాల్సిన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును అది తయారు చేసుకోలేకపోతోందని 2016లో చైనా పరిశోధకులు తేల్చారు. విత్తనమే లేకుండా ఇన్ని కోట్ల ఇళ్లకి పాకిందంటే, మనుషులు కణుపు కింద కత్తిరించి ఒకరికొకరు ఇచ్చుకోవడం వల్లే. దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందన్న నమ్మకం కూడా దానికి బాగా పనికొచ్చింది.

వాలకం ఒకటే, జబ్బులు రెండు

టీచరమ్మని తప్పుపట్టడానికి లేదు. నీళ్లు లేక వాడిన మొక్క, నీళ్లెక్కువై వాడిన మొక్క చూపుకి ఒకేలా ఉంటాయి. వేరు కుళ్లిపోతే పక్కనే నీళ్లున్నా తాగలేదు. పైన ఆకుకి దాహం నిజమే. అది చూసి మనం ఇంకా పోస్తాం. ఆ చెంబే చంపుతుంది.

తేడా కనిపెట్టడానికి కన్ను చాలదు, వేలు కావాలి. రైతు చేసింది అదే. వేలికి పొడిగా తగిలి, కుండీ ఎత్తితే ఖాళీ బిందెలా తేలిగ్గా ఉంటే బెట్ట. ఆకు అంచులు పెళుసుగా విరుగుతాయి. మట్టి ముద్దగా చల్లగా తగులుతూ, కుండీ బరువుగా ఉండి, అయినా ఆకు వాలిందంటే ఉరకెత్తింది. కింది ఆకులు మెత్తగా పసుపుబారతాయి, మొదలు దగ్గర కాడ నొక్కితే అణుగుతుంది. మట్టిపైన సన్న దోమల్లాంటి పురుగులు లేస్తుంటే మట్టి ఎప్పుడూ ఆరడం లేదని అర్థం. బియ్యం కడిగిన నీళ్లు, టీ పిప్పి, మిగిలిన మజ్జిగ రోజూ ఒంపే ఇళ్లలో ఈ పురుగులు మరీ ఎక్కువ. పెరటి చెట్టుకి అవి పంచభక్ష్యాలే. నాలుగు గుప్పిళ్ల మట్టి ఉన్న కుండీ వాటిని అరిగించుకోలేదు.

"ఎన్ని రోజులకోసారి పొయ్యాలి?" అని అందరూ అడుగుతారు. క్యాలెండరుకి జవాబు లేదు. రెండంగుళాల లోతున మట్టి ఆరిందా, పొయ్యండి. అడుగు చిల్లులోంచి కారేదాకా నిండుగా పొయ్యండి, సాసరులో చేరింది వంపెయ్యండి, మళ్లీ ఆరేదాకా అటు చూడకండి. రోజూ అరగ్లాసు చొప్పున చిలకరిస్తే పైన బురద, అడుగున ఎండు. అటు తడీ కాదు, ఇటు ఆరూ కాదు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ అయితే ఇంకా మొండివి. జెడ్‌జెడ్ అడుగున దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. ఇంట్లో అయితే రెండు మూడు వారాలు మరిచిపోయినా ఏమనుకోదు.

> చాగ మరిచి, స్నేక్ ప్లాంట్ కొని
> స్నేక్ ప్లాంట్‌ని విదేశీ మొక్క అని కొంటున్నాం. మనం కొనేది పడమటి ఆఫ్రికాది, నిజమే. కానీ దాని రక్తసంబంధి మన కోరమాండల్ తీరంలోనే బీడుల్లో పెరుగుతుంది. తెలుగులో దాని పేరు చాగ. నిఘంటువులో బ్రౌన్ దొర కూడా ఎక్కించాడు. దాని ఆకునారతో ఒకప్పుడు వింటినారి పేనేవారు. సామర్లకోటలో తోట వేసి ఈ తీరపు మొక్కల బొమ్మలు గీయించి, 1795 నుంచి పుస్తకాలుగా తెచ్చిన విలియం రాక్స్‌బర్గ్ పేరే శాస్త్రజ్ఞులు ఆ మొక్కకి పెట్టారు. ఇసక నేలలో, మండుటెండలో, ఎవరూ చుక్క పోయకుండా బతికే జాతి అది. హాల్లో రోజూ నీళ్లు తాగమంటే ఏం చేస్తుంది?

బోరులో ఉప్పు, ఆకుకొసన మాడు

అల్లూరు నుంచి తూర్పుకి, ఇసకపల్లి వైపు పోయేకొద్దీ సముద్రం దగ్గరవుతుంది, బోరునీళ్లు నోటికి తగులుతాయి. ఉప్పు కయ్యలున్న తీరం, రొయ్యల గుంటలున్న తీరం. తాగడానికి క్యాన్లు కొంటాం. మొక్కకి మాత్రం బోరునీళ్లే.

పెరట్లో ఆ ఉప్పు వానకి కడుక్కుపోతుంది. హాల్లో కుండీకి వాన రాదు. పోసిన నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఉండిపోతుంది, ఇంకోసారి పోస్తే ఇంకొంచెం చేరుతుంది. చౌడు నేల ఎలా తయారవుతుందో అచ్చం అలాగే, అరచేతి వెడల్పులో. మట్టిపైన, కుండీ అంచున తెల్లగా పొడిలా పేరుకుంటే అదే. ఆకుకొసలు గోధుమరంగులో మాడతాయి, మిగతా ఆకు పచ్చగానే ఉంటుంది. అరెకా పామ్, పీస్ లిల్లీ దీనికి ముందు లొంగుతాయి. ఎండకి మాడిందనుకుని నీడకి జరుపుతాం, దాహమనుకుని ఇంకా ఉప్పునీళ్లు పోస్తాం.

మందు చౌడునేలకి చేసేదే. మంచినీళ్లతో ఉప్పు దిగకొట్టాలి. అడుగున చిల్లున్న కుండీని పెరట్లో పెట్టి, కుండీ ఎంతుందో దానికి మూడు నాలుగింతల మంచినీళ్లు నెమ్మదిగా పోసి కారనివ్వాలి. వేళ్లు గట్టిగా ఉన్న మొక్కకి మాత్రమే సుమా. కుళ్లు మొదలైనదానికి ఇది చేస్తే మిగిలిన ప్రాణం కూడా పోతుంది.

మంచినీళ్లెక్కడివి అంటారా? ఏసీ గొట్టంలోంచి గోడవారగా కారిపోయేవి చూడండి. ఈ తీరపు ఉక్కపోతలో ఒక రాత్రికి బకెట్టు నిండుతుంది. గాలిలో తేమ చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఉప్పు ఉండదు. గది వేడికి వచ్చాక పోస్తే కుండీకి అంతకన్నా శ్రేష్ఠమైనవి లేవు. ఆర్ఓ మిషను పక్కకి వదిలే నీళ్లు మాత్రం వద్దు. వడకట్టిన ఉప్పంతా అందులోకే పోతుంది. వృథా చెయ్యకూడదన్న సదుద్దేశంతో చాలా ఇళ్లలో ఆ పైపు నేరుగా మొక్కల్లోకి పెట్టేశారు. బండలు కడగడానికి వాడుకోండి. ఇక మనకి ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనాలే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు కురిపించి పోతాయి. ఆ రోజుల్లో డాబా మీది నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే కొన్నాళ్లు వస్తాయి. ముసురు పట్టిన వారాల్లో ఇంట్లో మొక్క తాగేది ఎలాగూ తక్కువే.

కొబ్బరిపొట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోకోపీట్ దిమ్మెలు కొని నేరుగా కలిపేస్తున్నారు. తీరప్రాంతపు కొబ్బరిపీచులో ఉప్పుంటుంది. రెండు మూడు నీళ్లు కడిగి పిండి వాడాలి, చింతపండు నానేసి పిసికినట్టు.

మండువా మూసేశాక

పాత ఇళ్లలో నడిమధ్య ఆకాశం ఉండేది. మండువాలోకి ఎండ దిగేది, వాన దిగేది. ఇప్పుడు స్లాబు, గ్రిల్లు, దోమతెర, దానిపైన కర్టెను. మధ్యాహ్నపు ఆరుబయట వెలుతురు లక్ష లక్సులుంటే కిటికీ పక్కన వెయ్యో రెండువేలో, సోఫా మూలలో వంద నూట యాభై. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా తెలియదు. ఆకుకి తెలుస్తుంది. దాని వంట వెలుతురుతోనే. వంట తక్కువైతే నీళ్లూ తక్కువే కావాలి. వసారాలో రెండ్రోజులకి ఆరే కుండీ హాలు మూలలో పదిరోజులైనా ఆరకపోవచ్చు. అందుకే చోటు మార్చినప్పుడు నీళ్ల లెక్క కూడా మారాలి.

ఏసీ గది ఇంకో తిరకాసు. గాలి పొడిగా ఉండి ఆకుకొసలు ఎండుతాయి, మట్టి మాత్రం చల్లగా తడిగా ఉండిపోతుంది. ఆకు అడుగున సన్న నల్లి, కణుపుల సందున పిండినల్లి చేరతాయి. తడిగుడ్డతో ఆకు రెండువైపులా తుడవడం వాటికి మొదటి వైద్యం. తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు చుక్కల సబ్బు. సాయంత్రం పూట, బయట పెట్టి కొట్టండి.

> గాలిని శుభ్రం చేస్తాయా?
> అమ్మేవాళ్లంతా నాసా పేరు చెబుతారు. 1989లో నాసా తరఫున బిల్ వోల్వర్టన్ చేసిన పరిశోధన నిజమే. కానీ అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసింది. మన ఇల్లు అలా ఉండదు. అలాంటి ప్రయోగాలన్నీ తిరిగి లెక్కగట్టిన అమెరికా పరిశోధకులు, తలుపులు కిటికీల గుండా మామూలుగా జరిగే గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో తేల్చారు. మొక్క కంటికి చల్లగా ఉంటుంది, మనసుకి బాగుంటుంది. గాలి కోసమైతే కిటికీ తెరవండి.

గమ్మునుండడమే వైద్యం

మళ్లీ టీచరమ్మ హాల్లోకి వెళదాం. రైతు పాత పేపరు పరిచి మొక్కని దానిమీద పడుకోబెట్టాడు. కత్తెర గ్యాసుమంట మీద ఒకసారి తిప్పి, నల్లబడి మెత్తబడ్డ వేళ్లన్నీ కోసేశాడు. మిగిలినవి చూస్తే పిడికెడు కూడా లేవు. తెల్లగా, గిల్లితే టక్కున తెగేవి మాత్రం ఉంచాడు. వేళ్లు తగ్గినప్పుడు అన్ని ఆకుల్ని మొయ్యలేదని సగం ఆకులు కూడా తీసేస్తుంటే టీచరమ్మకి కళ్లు తిరిగినంత పనైంది. "నారుమడి పీకి నాటేటప్పుడు కొసలు తుంచమా అమ్మా" అన్నాడు.

గాలికి ఓ పూట ఆరాక కొత్త మట్టి. తోటమట్టి ఒక వంతు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక వంతు, పెన్న ఇసక ఒక వంతు. సముద్రపు ఇసక కాదు. పింగాణీ కుండీ పక్కనపెట్టి చిల్లున్న మట్టికుండీ, అదీ వేళ్లకి సరిపడా చిన్నది. మట్టికుండీ ఒంట్లోంచి కూడా చెమ్మ ఆరుతుంది కాబట్టి చెయ్యి ధారాళమైన ఇళ్లకి అదే మేలు. పెద్ద కుండీ అయితే వేళ్లు అందుకోలేని తడి చుట్టూ నిలిచిపోతుంది. ఒక్కసారి నీళ్లు పోసి, నేరు ఎండ తగలని తూర్పు కిటికీ దగ్గర పెట్టాడు.

"ఎరువేమన్నా వెయ్యమంటావా అన్నా?"

"జొరమొచ్చినోడికి బిర్యానీ పెడతామా అమ్మా? పదిరోజులు గమ్మునుండండి."

ఈ గమ్మునుండడమే మనకి చేతకానిది. మొక్క నీరసంగా కనిపిస్తే ఎండలో పెడతాం, యూరియా చిటికెడు వేస్తాం, రేపటికి చోటు మారుస్తాం. కోలుకునే మొక్క అడిగేది కదలని చోటు, కొద్దిపాటి వెలుతురు. కొత్త ఆకు మొలిచేదాకా ఎరువు జోలికి పోకూడదు.

ఎండిపోయినదానికి వేరే వైద్యం. కుండీలో మట్టిముద్ద ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లు సరిగా పీల్చదు. పైన పోసింది పక్కల నుంచి జారి అడుగున కారిపోతుంది, మనం తాగిందనుకుంటాం. కుండీని సగందాకా బకెట్టు నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి కారనివ్వాలి. చచ్చిందో బతికుందో తెలియకపోతే కాడ మీద గోరుతో గీరండి. లోపల పచ్చగా ఉంటే ఆశ ఉన్నట్టే. గోధుమరంగు పొడి కనిపిస్తే ఇంకొంచెం కిందికి దిగి గీరండి. మొదలుదాకా అలాగే ఉంటే వదిలెయ్యండి. మనీప్లాంట్ వేళ్లన్నీ కుళ్లినా పైన ఒక పచ్చని కణుపుంటే చాలు, దాని కింద కోసి సీసా నీళ్లలో పెడితే మళ్లీ వేరు తొడుగుతుంది. నీళ్లలో పుట్టిన వేరుకి నీళ్లు అలవాటే, మట్టిలో పెరిగిన వేరే మునిగితే చస్తుంది.

అన్నీ బతకవు. మొదలే జావగా మారిన స్నేక్ ప్లాంట్‌ని పట్టుకుని నెలల తరబడి పూజలు చేసేకన్నా, పైన గట్టిగా ఉన్న ఆకుముక్క కోసి, రెండ్రోజులు ఆరబెట్టి ఇసకలో గుచ్చుకోవడం నయం. తలకిందులుగా గుచ్చకండి, కింది కొస కిందే ఉండాలి.

> చేమ చుట్టాలు
> మనీప్లాంట్, పీస్ లిల్లీ, ఆగ్లోనిమా, సింగోనియం, డైఫెన్‌బేకియా, జెడ్‌జెడ్ ప్లాంట్, ఇవన్నీ చేమ, కంద కుటుంబం. పులుసులో వేసుకునే చేమదుంప మీ డ్రాయింగ్ రూమ్ మొక్కకి దాయాది. దురద కూడా కుటుంబ లక్షణమే, ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. ముఖ్యంగా డైఫెన్‌బేకియా ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. పాకే పిల్లలున్న ఇంట్లో నేల మీద పెట్టకండి. కత్తిరించాక చేతులు కడుక్కోండి.

మంది ఎక్కువైతే

ఇంతకీ ఆ పీస్ లిల్లీకి అన్ని నీళ్లు ఎలా చేరాయి? టీచరమ్మ పొద్దున బీపీ మాత్ర వేసుకున్నాక మిగిలిన నీళ్లు దానికే పోస్తారు. రాత్రి కొడుకు వీడియో కాల్ చేసినప్పుడు ఫోను అటు తిప్పి "ఇదిగో నీ మొక్క" అని చూపించే ముందు, కళగా కనపడాలని ఓ గ్లాసు. ఆవిడ ఒక్కరే రోజుకి రెండుసార్లు. ఆవిడ భర్త మాస్టారు పేపరు చదవడం అయ్యాక, ఈవిడ మరిచిపోతుందేమోనని, చెప్పకుండా ఓ చెంబు. పనమ్మాయి ఇల్లు తుడిచాక బకెట్లో మిగిలిన మంచినీళ్లు. ముగ్గురూ ముగ్గురికి తెలియకుండా చేసిన ఉపకారం అది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు, ఇక్కడ వేరు పలచనైంది.

పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న ఇళ్లలో ఈ కథ కొంచెం అటూ ఇటూగా ప్రతిచోటా ఉంది. వాళ్లు ఇచ్చివెళ్లిన మొక్క మామూలు మొక్కగా ఉండదు. అది వాడిందంటే ఫోనులో చెప్పడానికి నోరు రాదు. గుర్తొచ్చినప్పుడల్లా నీళ్లు పోస్తారు, గుర్తు రాని రోజు ఉండదు. ఈ మాట టీచరమ్మతో అంటే నవ్వారు. "మావాడికీ ఇంతే, వొద్దు వొద్దంటుంటే పెట్టేదాన్ని. వాడు నిలదొక్కుకున్నాడు, ఇది పాపం వొద్దనలేకపోయింది."

పదిరోజులు కాదు, ముప్ఫై రెండు రోజులు పట్టింది. మధ్యలో ఇంకో రెండు ఆకులు పోయాయి. ఇక లాభం లేదు అనుకున్నాక గుత్తి నడుమ సన్నగా చుట్టిన కొత్త ఆకు, చుట్టిన తమలపాకులా బయటికొచ్చింది. మాస్టారు కిటికీ చువ్వకి దారం కట్టి ఒక చిన్న అట్టముక్క వేలాడదీశారు. నీళ్లు పోసినవాళ్లు తేదీ రాయాలి. నేను వెళ్లినరోజు ఆ అట్టమీద మూడే తేదీలున్నాయి, మూడూ టీచరమ్మ దస్తూరీలో. మాస్టారుకి, పనమ్మాయికి చెంబు ముట్టే హక్కు తీసేశారు.

ఈ పేపరు మడిచాక ఒక్క పని చెయ్యండి. హాల్లో కుండీ ఎత్తి చూడండి. కింద సాసరులో నీళ్లుంటే వంపెయ్యండి, అడుగున చిల్లు లేకపోతే ఈరోజే కుండీ మార్చండి. చెంబు తియ్యబోయే ముందు వేలు పెట్టండి.